గేదెలను వెళ్లగొట్టిన తర్వాత

కరోల్ బాగ్, ఓల్డ్ రాజిందర్ నగర్ కోచింగ్ కేంద్రాల్లో సివిల్స్‌కు సిద్ధమయ్యే తెలుగు విద్యార్థులకు కేవలాదేవ్ జాతీయ ఉద్యానం అనగానే మూడు సంవత్సరాలు గుర్తుకొస్తాయి: 1981లో రామ్‌సర్ గుర్తింపు, 1985లో యునెస్కో వారసత్వ హోదా, 1990లో మాంట్రూ రికార్డు, అంటే సహజ స్వభావం చెడిపోతున్న చిత్తడినేలల అంతర్జాతీయ జాబితా. వీటి నడుమ 1982 ఉంది. దానిని వదిలేస్తే మిగిలినవి పరీక్షకు మాత్రమే పనికొస్తాయి.

భరత్‌పూర్ వద్ద ఉన్న ఈ ఉద్యానం విస్తీర్ణం సుమారు 29 చదరపు కిలోమీటర్లు. స్థానికంగా దీనిని ఘనా అంటారు. ఇది మానవ స్పర్శ లేని అరణ్యం కాదు. రాజులు కట్టలు వేసి, కాలువలతో నీరు మళ్లించి తీర్చిదిద్దిన బాతుల వేటస్థలం. 1938 నవంబరు 12న వైస్రాయ్ లిన్‌లిత్‌గో బృందం ఒక్క రోజులో 4,273 పక్షులను కూల్చింది. ఆ తుపాకుల కాలంలోనూ, స్వాతంత్ర్యం వచ్చాకా చుట్టుపక్కల గ్రామాల గేదెలు అక్కడే మేశాయి. పక్షులూ వస్తూనే ఉన్నాయి.

1982 మార్చిలో ఘనా పూర్తిస్థాయి జాతీయ ఉద్యానమైంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 35(7) సెక్షన్ జాతీయ ఉద్యానంలో పశువుల మేతను అనుమతించదు. ఆ నవంబరులో నిషేధం అమలులోకి వచ్చింది. మేతకు ప్రత్యామ్నాయం చూపలేదు. గ్రామస్థులు ప్రతిఘటించారు. పోలీసు కాల్పుల్లో పలువురు మరణించారు.

నిషేధాన్ని సమర్థించినవారిలో సలీం అలీ, ఆయన నడిపించిన బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ కూడా ఉన్నారు. అప్పటికి అది నిపుణుల అభిప్రాయం మాత్రమే, పరిశోధన ఫలితం కాదు. అదే సొసైటీ 1980లోనే ఘనాపై దీర్ఘకాలిక అధ్యయనం ప్రారంభించింది. దాని ఫలితం కోసం ఎవరూ ఆగలేదు.

వి.ఎస్. విజయన్ నేతృత్వంలో పదేళ్లు సాగిన ఆ అధ్యయనం నిషేధాన్ని తప్పుపట్టింది. పాస్పాలమ్ అనే నీటిగడ్డిని అంతకాలం అదుపులో ఉంచింది గేదెలే. అవి వెళ్లాక గడ్డి పెరిగి నీటిని కప్పేసింది. నీటిపక్షులకు చోటు తగ్గింది. సైబీరియా కొంగల రాక 2002 తర్వాత ఆగిపోవడానికి ఈ గడ్డే కారణమనడం తొందరపాటు. వలసదారిలో వేట కూడా వాటిని బలితీసుకుంది. అయితే పరిమితంగా మేతను అనుమతించడం ఉద్యానానికే మేలన్నది అధ్యయనం తేల్చిన మాట. తన పూర్వవైఖరికి విరుద్ధమైన ఫలితాన్ని సొసైటీ దాచలేదు. మన విచారణ సంఘాలకు ఈ అలవాటు తక్కువ.

ఇదే సొసైటీ పరిశోధకుడు భరత్ భూషణ్ 1986 జనవరిలో కడప జిల్లా లంకమల ప్రాంతంలో, అంతరించిందనుకున్న కలివికోడిని తిరిగి కనుగొన్నారు. ఆ దారి చూపింది పిట్టలు పట్టే స్థానికులు. అక్కడ పరిశోధన ముందుగా ఊరివాళ్లను అడిగింది. ఘనాలో గేదెల కాపరులను అడిగినవారు లేరు.

పరిశోధన తేల్చిన తర్వాత కూడా 35(7) సెక్షన్ కదలలేదు. ఒక ఉద్యానం నీటిలో బతుకుతుందా, అడవిలోనా, గడ్డిమైదానంలోనా అన్న తేడా ఆ సెక్షన్‌కు తెలియదు. గేదెలు తిరిగి రాలేదు. అటవీశాఖ పర్మిట్లు ఇచ్చి గ్రామస్థుల చేతనే ఆ గడ్డి కోయించింది.