అంకెలుగా మిగిలిన సిపాయిలు

న్యూఢిల్లీలో ఇండియా గేటు ముంగిట ప్రతిదినము వేలమంది నడచిపోవుచుందురు. 1921లో పునాది వేయబడి 1931లో ఆవిష్కరింపబడిన ఆ కట్టడముపై 13,000కు పైగా పేర్లు చెక్కబడి యున్నవి. మొదటి ప్రపంచయుద్ధమునకు మన దేశమునుండి వెళ్లినవారు 13 లక్షలకు పైబడిరి; వారిలో 70,000కు పైగా మరలి రాలేదు.

రాతిమీద పేరైనను అందరికిని దక్కలేదు. ఇరాకులోని బస్రా స్మారకము 40,000కు పైగా మృతులకై నిలుపబడినది. అందు తెల్ల సోల్జర్లకును, భారతీయులలో అధికారులకును పేర్లు కలవు. మన సామాన్య సిపాయిలకు మాత్రము పటాలము పేరు క్రింద ఇంతమంది యని అంకె వేసి ఊరకొనిరి. ఈ భేదమునకు యుద్ధసమాధుల కమిషనువారు 2021లో క్షమాపణ చెప్పిరి.

ఈ సిపాయిల మనసు తెలిసికొన గోరినవారికి ఆధారము విచిత్రమైన చోట దొరకినది. 1914లో ఫ్రాన్సు చేరిన మన సైనికుల ఉత్తరములలో రాజద్రోహమేమైన నున్నదాయని చూచుటకు సెన్సారు కార్యాలయ మొకటి ఏర్పడెను. అచటి ఉద్యోగులు ఉత్తరములనుండి భాగములను ఆంగ్లములోనికి మార్చి నివేదికలకు జతపరచిరి. అవి నేడు లండనులోని బ్రిటిష్ లైబ్రరీలో నున్నవి. డేవిడ్ ఒమిస్సీ అను చరిత్రకారుడు కొన్నిటిని ఏర్చి 1999లో ప్రకటించెను. సిపాయిలును తక్కువవారు కారు. నల్ల మిరియములు నిండుకొన్నవి, ఎఱ్ఱ మిరపకాయలు వాడుచున్నారు అను ధోరణిలో వ్రాసిరి. నల్లవి మనవారు, ఎఱ్ఱవి దొరలు! సెన్సారువారు ఆ గుట్టు గ్రహించి దస్త్రములో వ్రాసికొనిరి గనుకనే అది నేటికిని నిలిచినది.

అయినను ఈ జాబులను తూచి చదువవలెను. సిపాయిలలో పెక్కురు చదువురానివారు. ఒకడు చెప్పగా వేరొకడు వ్రాసెను; ఊరిలో మరియొకడు చదివి వినిపించెను. మూలప్రతులు చాలవరకు పోయి అనువాదములే మిగిలినవి. దస్త్రమెరిగిన వారికి ఇది క్రొత్త గాదు: అర్జీలో వినబడునది అర్జీదారుని గొంతు కొంత, గుమాస్తా కలము కొంత.

బ్రతికి వచ్చినవారి జాడ పంజాబు ప్రభుత్వము 1919లో సిద్ధపరచిన చిట్టాలలో నున్నది. ఊరూరి లెక్కగా 3,20,000 మంది వివరములు! లాహోరు మ్యూజియములో అవి దాదాపు నూరేండ్లు పడియుండి, 2021లో కొన్ని జిల్లాలవి మాత్రము ఎల్లరకును అందుబాటులోనికి వచ్చినవి. వానియందు తమ ముత్తాతలను వెదకికొనినవారు కలరు.

ఫ్రాన్సు జాబులలో వినబడునది చాలవరకు ఉత్తరదేశపు సిపాయిల మాట. తెలుగువారును చేరియుండిన మద్రాసు సాపర్లు మెసొపొటేమియాలో, అనగా ఆ బస్రా వైపుననే, పోరాడిరి. తాడేపల్లిగూడెము చేరువనున్న మాధవరమునకు మిలిటరీ మాధవరమను పేరు ఊరివారు తరతరములుగా పటాలములలో చేరుటవలన వచ్చినది. అట్టి ఇండ్లలో పాత ట్రంకుపెట్టె నడుగున ఒక వెండి పతకము దొరకవచ్చును. వెండి గనుక కొన్ని కంసాలి మూసలోనికి పోయియుండును. మిగిలినదానిని త్రిప్పి అంచు చూడవలెను: సిపాయి నంబరు, పేరు, పటాలము అచటనే అచ్చువేయబడి యుండును.