ఒక్క స్లాష్, ఫైలంతా ఎరుపు

2004లో అమీర్‌పేటలో అద్దెగదిలో ఉంటూ రాత్రి షిఫ్టులో పెర్ల్ స్క్రిప్టులు చూసుకునేవాణ్ణి. ఒక రాత్రి విమ్ అనే టెక్స్ట్ ఎడిటర్‌లో మూడు వేల లైన్ల ఫైలు తెరిచి కిందికి దిగితే, ఒకచోటు నుంచి చివరిదాకా అంతా ఎర్రగా ఉంది. స్క్రిప్టు మాత్రం చక్కగా నడుస్తోంది. పక్క సీట్లోని అన్న చూసి, "నీ కోడ్ బాగానే ఉందిరా. రంగులేసే ఫైలే పొరబడింది. అది తెరువు, పైన మెయింటెయినర్ పేరుంటుంది" అన్నాడు.

1976లో బిల్ జాయ్ బర్క్‌లీలో రాసిన 'వీఐ' ఎడిటర్‌కు, కోడ్‌లోని భాగాలను వేరుచేసి చూపే ఈ రంగులు లేవు. ఆ దారిలోనే నెదర్లాండ్స్‌కు చెందిన బ్రామ్ మోలెనార్ అమిగా కంప్యూటర్ మీద విమ్ తయారుచేసి 1991లో జనానికి ఇచ్చాడు. 1998లో 5.0తో రంగులొచ్చాయి. ఒక్కో భాషకు ఒక్కో ఫైలు, ఒక్కో ఫైలుకు ఒక సంరక్షకుడు, అంటే మెయింటెయినర్. చాలామంది జీతం లేకుండా, ఆ భాష మీద ప్రేమతో చేసినవాళ్లే.

అన్నిట్లోకీ పెర్ల్ మొండిది. 1987లో లారీ వాల్ దాన్ని మనుషుల భాషలా సందర్భాన్ని బట్టి అర్థం మారేలా కట్టాడు. స్లాష్ కనిపిస్తే అది భాగహారమా, రెగెక్స్ (వెతకాల్సిన నమూనా) మొదలా? ముందు ఏముందో తెలిస్తే తప్ప చెప్పలేం. హాష్ గుర్తు (#) కామెంట్‌ను మొదలుపెడుతుంది, కానీ $# అంటే అర్రేలో చివరి ఇండెక్స్. ఎడిటర్ ప్రోగ్రామును నడిపి చూడదు, నమూనాలతో పోల్చి ఊహిస్తుంది. స్లాష్‌ను అన్నిచోట్లా పట్టుకోవడం దాదాపు అసాధ్యమని ఆ ఫైల్లోనే కామెంటు రాసి ఉంది. అది చదివాక నాకు ఆ పనివాళ్ల మీద గౌరవం పెరిగింది.

మెయింటెయినర్‌కు మెయిలు రాశాను. తప్పు కనిపించే అతి చిన్న ఫైలు పంపమని జవాబొచ్చింది. ఈ వృత్తిలో అసలైన ఆచారం అదే. సగం కోసి చూడటం, ఎరుపు పోతే ఆ సగం తిరిగి పెట్టి రెండోది కోయడం. తెల్లారేసరికి మూడు వేల లైన్లు ఏడయ్యాయి. ఐదో లైన్లో భాగహారం స్లాష్ ఉంది. రంగుల ఫైలు దాన్ని రెగెక్స్ అనుకుని, ముగింపు స్లాష్ కోసం ఫైలు చివరిదాకా వెతుకుతూ పోయింది పాపం.

విమ్‌లో ఇలాంటి మరమ్మతులే మెట్లు. ప్రధాన కోడ్‌లో ప్రతి సవరణకూ, అంటే ప్యాచ్‌కూ, ఒక నంబరు. 2013లో వచ్చిన 7.4 వెర్షన్‌కు, 2016లో 8.0 వచ్చేలోపు, రెండు వేలకు పైగా ప్యాచ్‌లు పడ్డాయి. చరిత్ర రాసేవాళ్లు కొత్త వెర్షన్లనే లెక్కిస్తారు. నా లెక్కలో ఆ ప్యాచ్‌లే విమ్ చరిత్ర.

విమ్ కోసం డబ్బు ఇవ్వాలనుకుంటే ఉగాండా పిల్లలకివ్వమని బ్రామ్ కోరేవాడు. ఆ విన్నపం విమ్ తెరవగానే కనిపించేది. 2023 ఆగస్టు 3న ఆయన కన్నుమూశాడు. 2024 జనవరిలో వచ్చిన 9.1ను ఆయనకే అంకితమిచ్చారు.