విషమెక్కిన మట్టిని కడగొచ్చా? కొడైకెనాల్ పాదరసం నుంచి పాషాణం లాగేసే మొక్క దాకా..

మురికి నీళ్లను ఫిల్టర్ చేయొచ్చు. పొగ కొన్నాళ్లకు చెదిరిపోతుంది. మరి మట్టిలోకి దిగిన సీసం, కాడ్మియం, పాదరసం, ఆర్సెనిక్ సంగతేంటి? చెత్త కుళ్లిపోతుంది, చాలా రకాల పురుగుమందులను సూక్ష్మజీవులు తినేస్తాయి. లోహాల దగ్గర ఆ పప్పులుడకవు. అవి మూలకాలు. కాల్చినా, పాతిపెట్టినా పోవు. అందుకే ఇక్కడ క్లీనింగ్ అంటే రెండే దారులు. లోహాన్ని బయటకు లాగడం, లేదంటే కదలకుండా మట్టిలోనే కట్టేయడం.

కొడైకెనాల్‌లో ఏం జరిగిందంటే..

టూరిస్టులకు కొడైకెనాల్ అంటే సరస్సు, పొగమంచు. ఆ ఊళ్లోనే 1980లలో ఓ థర్మామీటర్ల ఫ్యాక్టరీ మొదలైంది. అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రం నుంచి తెచ్చిన పాత యంత్రాలవి. తర్వాత అది హిందుస్థాన్ లీవర్ చేతికి వచ్చింది. పాదరసం అంటిన గాజు ముక్కలు స్థానిక పాత సామాన్ల యార్డులో బయటపడటంతో 2001లో ఫ్యాక్టరీ మూతపడింది. 2003లో సుమారు 290 టన్నుల పాదరసం వ్యర్థాలను ఓడలో అమెరికాకే పంపేశారు. 2016లో 591 మంది మాజీ కార్మికులతో కంపెనీ ఒప్పందం చేసుకుంది. మిగిలింది మట్టి.

దానికి ఎంచుకున్న పద్ధతి వినడానికి సింపులే. తవ్విన మట్టిని నీళ్లతో కడుగుతారు. పాదరసం ఎక్కువగా సన్నటి రేణువులకే పట్టుకుంటుంది కాబట్టి ముతక ఇసుక, రాళ్లు విడిపోతాయి. ఆ సన్న మట్టిని మూసిన పాత్రలో వేడి చేస్తారు. పాదరసం 357 డిగ్రీల దగ్గర మరుగుతుంది. ఆవిరిని చల్లబరిచి ద్రవంగా పట్టేస్తారు.

అసలు గొడవ పద్ధతి మీద కాదు, ఎంతవరకు శుభ్రం చేయాలన్న దాని మీద. కిలో మట్టికి 20 మిల్లీగ్రాముల పాదరసం వరకు ఉండొచ్చని పరిమితి పెట్టారు. విదేశాల్లో ఇళ్ల స్థలాలకైతే ఇంతకంటే కఠినంగా ఉంటుందని, ఇక్కడ మాత్రం సడలింపు ఎందుకని ఉద్యమకారుల ప్రశ్న. ఇంకా లోతుగా తవ్వితే చెట్లు పోతాయి, వాలు మీది మట్టి కోసుకుపోయి కింద ఉన్న పాంబార్ అడవిలోకి చేరుతుందన్నది అవతలి వాదన. రెండింట్లోనూ పస ఉంది. వ్యవహారం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది.

ఆర్సెనిక్‌తో వేరే తలనొప్పి

ఆర్సెనిక్ అంటే మన పాషాణమే. పాదరసానికి పనికొచ్చిన ఉపాయం అన్నిటికీ పనికిరాదు. సీసం ఉన్న నేలలో ఫాస్ఫేట్ వేస్తే సీసం గట్టిపడి కరగకుండా ఉండిపోతుంది. అదే ఫాస్ఫేట్ ఆర్సెనిక్ ఉన్న చోట వేస్తే మాత్రం కొంప మునుగుతుంది. రసాయనికంగా రెండూ కవలల్లాంటివి. ఫాస్ఫేట్ వెళ్లి కూర్చోగానే ఆర్సెనిక్ సీటు ఖాళీ చేసి నీళ్లలోకి వస్తుంది. సున్నం కూడా అంతే, కాడ్మియాన్ని కట్టేస్తుంది, ఆర్సెనిక్‌ను వదిలేయొచ్చు. దాన్ని పట్టి ఉంచేది ఎక్కువగా ఇనుము ఆక్సైడ్లు. వరి మడిలో నీళ్లు నిలబెడితే ఆ ఆక్సైడ్లే కరిగిపోతాయి, విషం గింజలోకి ఎక్కుతుంది. పశ్చిమ బెంగాల్, బంగ్లాదేశ్ రైతుల కష్టం ఇదే.

ఇక ఆ మొక్క విషయానికొస్తే.. పాత గోడల సందుల్లో, బావుల రాళ్ల మధ్య మొలిచే ఓ ఫెర్న్ జాతి, టెరిస్ విట్టాటా. ఆర్సెనిక్‌ను ఫాస్ఫేట్ అనుకుని లాగేసి ఆకుల్లో దాచుకుంటుందని ఫ్లోరిడా శాస్త్రవేత్తలు 2001లో బయటపెట్టారు. ఎండిన ఆకుల బరువులో 2 శాతం దాటి ఆర్సెనిక్ చేరింది. ఖర్చు తక్కువే. కాకపోతే ఏళ్లు పడుతుంది, వేళ్లు అందినంత లోతే శుభ్రమవుతుంది. కోసిన ఆకులు మళ్లీ విషపు చెత్తే. పశువులకు వేయకూడదు, పెంటలో కలపకూడదు, ఆరుబయట తగలబెట్టకూడదు.

మన దగ్గర?

పటాన్‌చెరు పారిశ్రామికవాడ మట్టిలో భార లోహాలు, ఆర్సెనిక్ చేరిన సంగతిని హైదరాబాద్ ఎన్‌జీఆర్‌ఐ శాస్త్రవేత్తలు ఎప్పుడో రికార్డు చేశారు. రైతులకిచ్చే సాయిల్ హెల్త్ కార్డులో ఉండేది మాత్రం నత్రజని, భాస్వరం, పొటాష్, జింక్ లాంటి 12 అంశాలే. సీసం, కాడ్మియం, ఆర్సెనిక్ అందులో ఉండవు. ఫ్యాక్టరీ వాగు పక్కన పొలం ఉన్నవాళ్లు వీటిని ప్రత్యేకంగా అడిగి ల్యాబ్‌లో చేయించుకోవాల్సిందే. మొత్తం ఎంత ఉందన్నదొక్కటే కాదు, అందులో పంటకు అందే రూపంలో ఎంత ఉందో కూడా రాసివ్వమనాలి.