బాణం కదలని మూడు రాత్రులు

2001లో అబ్బా తన రిటైర్మెంట్ పైసల్లోంచి తీసి నాకొక సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ కొనిచ్చారు. విండోస్ కొనే తాఖత్ లేదు. ఒక మాగజైన్‌తో వచ్చిన సీడీ నుంచి లినక్స్ ఎక్కించుకున్నాను. తెర వెలిగింది, మధ్యలో బాణం నిలబడింది. మౌస్ ఎంత తిప్పినా జరగదు. ఇషా నమాజ్ నుంచి వచ్చి అబ్బా రోజూ అడిగేవారు: "చలా క్యా బేటా?" ఏం జవాబివ్వాలి? ఆయన పైసలు బర్బాద్ చేశానని దిల్‌లో ఒకటే దిగులు.

అసలు తారీఖ్ చూస్తే యూనిక్స్ ఖాందాన్‌లో మౌస్ ఆలస్యంగా వచ్చిన మెహమాన్. డగ్లస్ ఎంగెల్‌బార్ట్ 1968 డిసెంబర్ 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో దాన్ని జమానాకు చూపించాడు. మరుసటి ఏడాదే బెల్ ల్యాబ్స్‌లో యూనిక్స్ పుట్టింది. కానీ ఆ ఇంట్లో అన్నీ అక్షరాలే, టైపు కొట్టడమే. బొమ్మల తెర కోసం ఎంఐటీలో ఎక్స్ విండో మొదలైంది 1984లో. హెల్సింకీ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ 1991లో లినక్స్ రాసినప్పుడు ఈ రివాజులన్నీ అందులోకి వచ్చేశాయి.

యూనిక్స్‌కు ప్రతి పరికరమూ ఒక ఫైలే. మౌస్ ఏ దర్వాజా నుంచి వస్తుందో, ఏ జుబాన్ మాట్లాడుతుందో మనమే ఒక కాగితంలో రాసిపెట్టాలి. ఆ కాగితం పేరు ఎక్స్‌ఎఫ్86కాన్ఫిగ్. నా దాంట్లో మొదటి సీరియల్ పోర్టు, అంటే టీటీవైఎస్0 అని ఉంది. మౌస్ తగిలించింది రెండో దానికి! టీటీవైఎస్1 అని దిద్దాను. అయినా కదల్లేదు. మౌస్ పనిచేయదు కాబట్టి కంట్రోల్, ఆల్ట్, బ్యాక్‌స్పేస్ మూడూ నొక్కి బయటపడటం, దిద్దడం, మళ్ళీ లోపలికి. సబర్ అంటే ఏమిటో అప్పుడు తెలిసింది.

మూడో రాత్రి దొరికింది. జుబాన్ తప్పు. మైక్రోసాఫ్ట్ తరహా మౌస్ ఒక్కో కదలికను మూడు బైట్లలో చెబుతుంది, మౌస్ సిస్టమ్స్ తరహాది ఐదు బైట్లలో. నాది మూడు చెబుతుంటే కంప్యూటర్ ఐదు కోసం కూర్చుంది. ఉర్దూ మీడియం చదివి తెలుగు డిగ్రీ క్లాసులో మొదటిరోజు కూర్చున్నవాణ్ణి, ఈ ముసీబత్ నాకు ఒకరు చెప్పాలా?

ఇప్పుడు మా పిల్లలకు ఇదంతా కహానీ. యూఎస్‌బీ మౌస్ తానెవరో తానే చెప్పుకుంటుంది. ఆ కాగితం రాసే పని లేకుండా చేసినవాళ్ళలో చాలామంది పైసా తీసుకోని వాలంటీర్లు. వాళ్ళ మెహనత్ ఎవరికీ కనిపించదు.

ఆ రాత్రి బాణం కదిలింది. నిద్రపోతున్న అబ్బాను లేపాను. ఆయన ఐనక్ పెట్టుకుని, మౌస్‌ను అటూ ఇటూ జరిపి చూసి అడిగారు: "ఉర్దూ భీ ఆతా క్యా ఇసే?"

దానికి ఇంకో ఏడాది పట్టింది.