ఆకాశమున దారిదోపిడి

అమెరికాలోని బిడ్డలను జూడవచ్చు మన పెద్దలు, విమానాశ్రయములలో సంచులను యంత్రముల కప్పగించి, జేబులు ఖాళీచేసి, చేతులెత్తి నిలువవలసివచ్చినప్పుడు, ఈ దేశము మొదటినుండియు నింత యనుమానము గలదియే యని తలంతురు. వాస్తవ మట్లు కాదు. 1971 నాటి కిచట విమాన మెక్కుట బస్సెక్కుట వంటిదే; రొక్కము చెల్లించి యేదో యొక పేరు చెప్పినచో టిక్కెట్టు చేతికి వచ్చెడిది; పెట్టెలో నేమున్నదని యడుగువాడు లేడు. విమానములను క్యూబాకు మఱలించు దుండగము లప్పటికే తఱచైనను, సొమ్ముకై విమానము నపహరించి, గాలిలోనుండి దూకి మాయమగుట యంతవఱకు నెవ్వరికిని సాధ్యము కాలేదు. నేను నివసించు వాషింగ్టను రాష్ట్రమున నేటికిని కథలుగా జెప్పుకొను నుదంత మదియే.

1971 నవంబరు 24, థాంక్స్‌గివింగ్ పండుగ ముందునాటి యపరాహ్ణమున, పోర్ట్‌లాండునుండి సియాటిల్‌కు బయలుదేరిన నార్త్‌వెస్ట్ ఓరియంట్ సంస్థవారి బోయింగ్ 727లో, డాన్ కూపర్ అను పేర టిక్కెట్టు గొని, కోటును టైయును ధరించి, పెద్దమనుష్యునివలె వెనుకవరుసలో గూర్చుండిన యొకడు పరిచారిక కొక చీటి నందించెను. ఆమె దానిని జదువకయే దాచికొనగా, తనయొద్ద బాంబున్నదని మెల్లగా జెప్పి, పెట్టె తెఱచి యెఱ్ఱని గొట్టములను తీగెలను జూపెను. రెండులక్షల డాలర్లును, నాలుగు పారాచూట్లును అతడు కోరెను. తనతోపాటు మఱొకరిని గూడ దూకించునేమో యను భయమున నధికారులు చెడిన పారాచూట్ల నీయరని యతని యెత్తుగడగా పరిశోధకు లూహించిరి. ఐనను వానిలో నొకటి శిక్షణకై కుట్టివేయబడిన పనికిరాని దని తరువాత దెలిసెను.

సియాటిల్‌లో సొమ్ము ముట్టగనే 36 మంది ప్రయాణికులను విడిచిపెట్టి, మెక్సికో దిక్కుగా, 10,000 అడుగులకు మించక, చక్రములు దింపియే, మందగమనమున నడుపుడని యాజ్ఞాపించెను. ఆ తరగతి విమానమునకు తోకక్రింద మెట్లు గలవనియు, వానిని గాలిలోగూడ దింపవచ్చుననియు నతడెఱిగియుండెను. రాత్రి ఎనిమిది దాటిన పిమ్మట, చలియు వానయు నావరించియుండ, వాషింగ్టను నైరృతిభాగపు టడవులపై నతడు సొమ్ముమూటతో దూకెను. విమానము రీనోలో దిగునప్పటి కతని టైయును, రెండు పారాచూట్లును మాత్రము లోన మిగిలియుండెను.

పోలీసులును సైనికులును అడవులు గాలించినను మనుష్యుడుగాని శవముగాని దొరకలేదు. 1980లో కొలంబియా నదీతీరపు టిసుకలో నొక బాలునికి 5,800 డాలర్ల శిథిలమైన నోట్లు లభించినవి. వాని సంఖ్యలు ఆ సొమ్మువే. దాదాపు 45 ఏండ్ల యన్వేషణానంతరము, 2016లో, ఎఫ్.బి.ఐ. ఆ దస్త్రమును ప్రక్కకు బెట్టెను.

1972లో పలువురీ మార్గము ననుకరించి దూకి పట్టువడగా, 727 తోకమెట్లు గాలిలో దెఱచుకొనకుండ నొక చిన్న సాధనము నమర్చిరి. ఖర్చగునని, ప్రయాణికులు నొచ్చుకొందురని తనిఖీలను ప్రతిఘటించిన విమానసంస్థలు, ఆ సంవత్సరాంతమున మఱికొంద ఱపహర్తలు ఓక్‌రిడ్జ్ అణుకేంద్రముపై విమానమును గూల్చెదమని బెదరించిన పిమ్మట దలయొగ్గవలసివచ్చెను. 1973 జనవరినుండి ప్రతి ప్రయాణికుని తనిఖీ తప్పనిసరి యయ్యెను.

ఎవ్వరికిని గాయము కాలేదు, పోయినది సంస్థ ధనము, ఓడినది ప్రభుత్వము. అందుచేతనే గాబోలు, ఇచటి జనులు కూపరును వీరునిగా జేసి యతని పేర నుత్సవములు జరిపిరి. నాకు మాత్రము, బాంబుచెంత గూర్చుండి, తొట్రుపడక, అతనికిని విమానచోదకులకును నడుమ మాటలు మోసి, ప్రయాణికులందఱు దిగిన పిమ్మటగూడ విమానముననే నిలిచిన ఇరువదిరెండేండ్ల మఱొక పరిచారికయే వీరగాథ కర్హురాలు. సాహస మెంతటిదైనను, కూపరు దొంగయే.