లాంచీ కింద రెండు ఊళ్ళు

మొత్తానికి ఒక వీకెండు ఖాళీ దొరికింది. "లాప్‌టాప్ తెచ్చేట్టయితే నన్ను పిలవకు" అని మా ఆవిడ ముందే తేల్చేసింది. సరే అని నాన్నని, అమ్మాయిని ఎక్కించుకుని శనివారం పొద్దున్నే నాగార్జునసాగర్ బయల్దేరాం. హైదరాబాదు నుంచి 150 కిలోమీటర్లు. నీళ్ళ ఒడ్డున కూర్చోవడం, చేపల వేపుడు తినడం, ఇంకోసారి నీళ్ళ ఒడ్డున కూర్చోవడం... ప్లాను అంతే. చరిత్ర ప్లాన్లో లేదు.

అసలు సాగర్ అనే ఊరే చిత్రమైన ఊరు. డ్యాం కట్టడానికొచ్చిన వాళ్ళ కోసం వేసిన కాలనీలే ఊరయ్యాయి. ఇటు హిల్ కాలనీ, పైలాన్ కాలనీ. పైలాన్ అంటే శంకుస్థాపన గుర్తుగా నిలబెట్టిన స్తంభం. నెహ్రూ వచ్చింది 1955 డిసెంబరు 10న. అటు ఒడ్డున విజయపురి సౌత్. ఈ విజయపురి కొత్త పేరేం కాదు, దాదాపు 1700 ఏళ్ళ క్రితం ఇక్ష్వాకుల రాజధాని పేరు. ఊరు నీళ్ళలో ఉండిపోయింది, పేరు మాత్రం ఒడ్డెక్కింది.

విజయపురి సౌత్‌లో లాంచీ ఎక్కితే గంట లోపు నాగార్జునకొండ చేరతాం. అందరూ ద్వీపం అంటారు గానీ అది నిజానికి కొండ నెత్తి. చుట్టూ నీళ్ళున్న చోటల్లా ఒకప్పుడు లోయ. ఆ మాట చెప్పగానే మా అమ్మాయి రెయిలింగు పట్టుకుని కిందకి చూస్తూ, "అయితే మనం ఇప్పుడు ఇళ్ళ మీంచి పోతున్నామా?" అంది. అవుననే చెప్పాను. ఎవరి ఇళ్ళు అంటే మాత్రం కాస్త పెద్ద కథ.

శాతవాహనుల తర్వాత కృష్ణ ఒడ్డున ఇక్ష్వాకులు రాజ్యానికొచ్చారు. నలుగురు రాజులు, సుమారు ఒక శతాబ్దం. మొదటివాడు వాసిష్ఠీపుత్ర చాంతమూలుడు అశ్వమేధం చేసిన వైదికుడు. ఆయన సొంత చెల్లెలు చాంతిసిరేమో బౌద్ధులకి మహాచైత్యం కట్టించింది! ఆయన కొడుకు వీరపురుషదత్తుడు మేనత్త కూతుళ్ళని చేసుకున్నాడని శాసనాలు చెబుతున్నాయి. మేనరికం మన వాళ్ళకి ఎంత పాత అలవాటో చూడండి :) బోధిసిరి అనే ఉపాసిక సింహళ భిక్షువుల కోసం చైత్యగృహం కట్టించింది. రాణులూ, రాజబంధువుల ఆడవాళ్ళే కాదు, మామూలు ఉపాసికలు కూడా ఇక్కడ రాతి మీద తమ పేర్లు చెక్కించుకున్నారు. నాకు ఈ లోయ మొత్తంలో బాగా నచ్చిన సంగతి ఇదే. రాజుల యాగాల లెక్క ఎక్కడైనా దొరుకుతుంది.

తర్వాత అంతా మట్టికింద పోయింది. 1926లో సూరపరాజు వెంకటరామయ్య అనే బడిపంతులు ఒక పాత స్తంభాన్ని చూసి పైవాళ్ళకి చెబితే గానీ బయటపడలేదు. లాంగ్‌హర్స్ట్ 1927 నుంచి 1931 దాకా తవ్వాడు.

ఇక డ్యాం. కృష్ణ నీళ్ళని పెన్నకి కలిపి మద్రాసు వైపు తీసుకెళ్ళాలని ఒక పథకం ఉండేది. అది కాదు, నందికొండ దగ్గర కట్టాలని ముక్త్యాల రాజా పట్టుబట్టాడు. 1952లో ఖోస్లా కమిటీ వచ్చి చూసి నందికొండకే ఓటేసింది. అంటే లోయ మునగడం ఖాయం.

అప్పుడు 1954లో ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో పురావస్తు శాఖ దిగింది. మనకి డెడ్‌లైన్లంటే తెలుసు కదా, అడిగితే రెండు వారాలు జరుగుతాయి. వీళ్ళ డెడ్‌లైను నది. ఆరేళ్ళలో పాతరాతియుగం నుంచి విజయనగర కాలం దాకా వందకు పైగా చోట్ల తవ్వారు. ముఖ్యమైన కట్టడాలు కొన్నిటిని రాయి రాయీ విప్పి కొండ మీదకి చేర్చి మళ్ళీ పేర్చారు. మెట్ల రంగస్థలాన్ని అనుపులో తిరిగి కట్టారు. కొండ మీద మ్యూజియం 1966లో వచ్చింది. ఇంత అద్భుతమైన పనికి డాక్యుమెంటేషన్ ఎప్పుడొచ్చిందంటారా? మొదటి సంపుటం 1975లో, రెండోది 2006లో. ఈ విషయంలో మనకీ వాళ్ళకీ తేడా లేదు!

1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకి నీళ్ళు వదిలారు. అప్పటికి నాన్నకి పదిహేడో పద్దెనిమిదో. మాది మిర్యాలగూడ వైపు, ఎడమ కాలువ ఆయకట్టు. అంతకుముందు జొన్న, సజ్జ, ఆముదాలు. తర్వాత వరి. నా ఇంజనీరింగ్ ఫీజు ఆ వడ్లతోనే కట్టారు. అందుకే మ్యూజియంలో నేను "ఎంత చరిత్ర మునిగిపోయిందో" అని నిట్టూరిస్తే నాన్న ఊరుకోలేదు. "గా నీళ్ళే రాకుంటె నీ సదువు యాడిదిరా? బొంబాయి వలస పోయెటోళ్ళం" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

మ్యూజియంలో మునిగిన లోయ నమూనా ఒకటుంది. చైత్యాలు, విహారాలు ఎక్కడుండేవో చక్కగా కనిపిస్తాయి. మా అమ్మాయి దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, "ఇవన్నీ పాత పాతవి. నీళ్ళొచ్చినప్పుడు ఇక్కడ ఉన్నవాళ్ళ ఇళ్ళేవి?" అంది. వెతికాను, నాకు కనబడలేదు. 1950ల్లో ఆ లోయ ఖాళీగా లేదు మరి. పుల్లారెడ్డిగూడెం ఉంది, అవతలి ఒడ్డున ఏలేశ్వరం ఉంది, ఇంకా చాలా ఊళ్ళున్నాయి. మూడో శతాబ్దపు ఇటుకల కొలతలు మన దగ్గరున్నాయి. ఇరవయ్యో శతాబ్దపు వంటిళ్ళు ఎట్లా ఉండేవో, ఏ గడప ఎవరిదో కొలిచి రాసిన పుస్తకం నా కంటబడలేదు. తవ్వకాల్లో తట్టలు మోసినవాళ్ళలో ఆ ఊళ్ళవాళ్ళూ ఉండే ఉంటారు. ఇది నా ఊహే, కానీ కూలీలని ఇంకెక్కణ్ణుంచి తెస్తారు?

సాయంత్రం తిరిగొచ్చాక రేవు దగ్గర టీ తాగాం. టీ కొట్టు పెద్దాయనతో నాన్న మాట కలిపాడు. ఆయన అమ్మ పుట్టిల్లు పుల్లారెడ్డిగూడెమేనట. "బదులు భూమి ఇచ్చారండీ, రాళ్ళ నేల. కాలవ మాత్రం దానికి ఎక్కలేదు" అన్నాడు, ఏ కోపమూ లేకుండా, గ్లాసులు కడుగుతూ. తల్లి బతికున్నన్నాళ్ళూ లాంచీ ఎక్కలేదట, ఇంటి మీంచి పోవడం ఏంటని.

నాన్న ఇంకో టీ చెప్పాడు. తాగనే లేదు. మీకు ఎన్నెకరాలు పోయిందని అడిగాడు, ఏం పంటలేసేవారని అడిగాడు. "జొన్న, ఆముదాలు" అన్నాడాయన. నాన్న తలూపాడు.

ఆదివారం ఎత్తిపోతల చూసుకుని తిరుగుముఖం పట్టాం. మామూలుగా దారి పొడుగునా పొలాల మీద వ్యాఖ్యానం చెప్పే మనిషి మల్లేపల్లి దాకా కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడు. "తాతా, ఆ టీ తాత వాళ్ళ భూమికి ఇప్పుడైనా నీళ్ళొస్తాయా?" అని మా అమ్మాయి అడిగితే, "అడగలేదు బిడ్డా" అన్నాడు.