నోరు తిరగని పేర్లా, చెవిన పెట్టని పేర్లా?

ఆదివాసుల పేర్లు నోరు తిరగవని బడిలో, ఆఫీసులో, ఆస్పత్రిలో మనం వింటూనే ఉంటాం. ఈ మాట ఎంతవరకు నిజమో తెలియాలంటే మన పేర్ల చరిత్ర చూడాలి.

1940లో జోడేఘాట్‌లో నిజాం పోలీసుల తుపాకులకు నేలకొరిగిన వీరుణ్ణి మన గోండులు కుమ్రం భీము అంటారు. కుమ్రం ఇంటిపేరు, భీము సొంత పేరు. పుస్తకాల్లో మాత్రం ఆయన కొమరం భీం, కొమురం భీం అయ్యాడు. 2016లో ఆయన పేరిట ఏర్పడిన జిల్లాను ఇప్పుడు కుమురం భీం ఆసిఫాబాద్ అని రాస్తున్నారు. జిల్లాకే పేరయిన మనిషికి ఇన్ని స్పెల్లింగులుంటే, మామూలు మనిషి సంగతి చెప్పేదేముంది?

నిజాం కాలంలో సర్కారు రాతకోతలు ఉర్దూలో సాగేవి. ఉర్దూ రాతలో హ్రస్వ అచ్చులకు సాధారణంగా గుర్తులు వేయరు. క, మ, ర, మ అని నాలుగు అక్షరాలు కనిపిస్తే కమరం అనీ, కుమరం అనీ, కొమరం అనీ చదవచ్చు. పేరు తెలిసినవాడు సరిగా చదువుతాడు, తెలియనివాడు తోచినట్టు చదువుతాడు. తెలుగు లిపికి ఆ ఇబ్బంది లేదు. 'కుమ్రం' అని ఉన్నదున్నట్టు రాయవచ్చు. అయినా కొమరం అయిందంటే లోపం లిపిది కాదు. కొమరయ్య, కొమురయ్య లాంటి పేర్లకు అలవాటుపడిన చెవికి కుమ్రం కూడా అలాగే వినపడుతుంది.

ఇంటిపేరుకు జరిగిందే సొంత పేరుకూ జరుగుతుంది. జంగుబాయి తల్లిని తలచుకుని పిల్లవాడికి జంగు అని పెట్టుకుంటాం. తెలుగువాళ్లకు జంగు అంటే ఇనుముకు పట్టే తుప్పు. తరగతిలో పిల్లలు నవ్వుతారు. పాపం, వీడికి మంచి పేరు ఉండాలని సారు రిజిస్టరులో 'జంగయ్య' అని రాస్తాడు. ఆయన ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ జంగయ్యలో వినిపించేది జంగమ దేవర. మన తల్లి పేరు అక్కడితో పోయింది. అలాగే లింగు లింగయ్య అవుతాడు. మహారాష్ట్ర సరిహద్దు వైపు భీము భీంరావు అవుతాడు. ఆ పిల్లవాడు ఇంట్లో ఒక పేరుకు, బడిలో ఇంకో పేరుకు పలుకుతూ పెరుగుతాడు. కొన్నాళ్లకు ఎవరైనా అడిగితే తానే బడి పేరు చెబుతాడు. సరిచేసి సరిచేసి అలసిపోయిన మనిషి చేసే పని అది.

ఇది మనసు నొచ్చుకోవడంతో ఆగదు. తాత పేరు పహాణీలో ఒక రకంగా, తండ్రి పేరు ఆధార్‌లో ఇంకో రకంగా, కొడుకు పేరు కుల ధ్రువీకరణ పత్రంలో మరో రకంగా ఉంటే ముగ్గురూ ఒకే ఇంటివాళ్లని రుజువు చేయడానికి ఆఫీసుల చుట్టూ తిరగాలి. 2006 అటవీ హక్కుల చట్టం కింద పోడు పట్టా అడిగేవాడికి పేరులో ఒక్క అక్షరం తేడా కూడా అడ్డుపుల్ల కావచ్చు.

మరో తికమక కూడా ఉంది. 2021లో పద్మశ్రీ పొందిన మార్లవాయి గుస్సాడీ గురువు పేరు కనక రాజు. కనక అనేది ఇంటిపేరు, రాజు సొంత పేరు. రెండూ కలిపి 'కనకరాజు' అని రాసేసరికి ఇంటిపేరు కాస్తా బంగారమైపోయింది. 1860లో నిర్మల్‌లో ఉరితీయబడిన మర్సుకోల రామ్‌జీని చరిత్ర 'రామ్‌జీ గోండు' అనే రాసుకుంది. ఇంటిపేరు ఉండాల్సిన చోట జాతి పేరు వచ్చి కూర్చుంది. మనలో ఇంటిపేరును బట్టే సగ తెలుస్తుంది, సగను బట్టే ఎవరితో వియ్యమందాలో తెలుస్తుంది. ఇంటిపేరు చెరిగితే ఆ లెక్కంతా చెరుగుతుంది.

ఇది గోండుల ఒక్కరి కథ కాదు. సవర భాషలో గొంతు దగ్గర ఊపిరిని టక్కున ఆపి పలికే ధ్వని ఒకటుంది. తెలుగులో దానికి అక్షరం లేదు. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి సవరల దగ్గర కూర్చుని వాళ్ల భాష నేర్చుకున్నాడు. అలాంటి ధ్వనులను గుర్తులతో నమోదు చేసి 1931లో సవర వ్యాకరణం వెలువరించాడు. నేర్చుకోవాలనుకుంటే నోరు తిరుగుతుందని చెప్పడానికి ఆయనే సాక్ష్యం.

రాయడానికి మనకు సొంత లిపులూ ఉన్నాయి. సవరలకు 1936లో మంగేయి గొమాంగో సొర సొంపెంగ్ లిపి తయారుచేశాడు. నార్నూర్ మండలం గుంజాలలో బయటపడిన గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దక్కింది. కానీ రేషన్ కార్డూ పట్టాదారు పాస్‌బుక్కూ ఆ లిపిలో రావు. కాబట్టి తెలుగులో మన పేరు ఎలా రాయాలో మనమే చెప్పాలి. పిల్లవాణ్ణి బడిలో చేర్చే రోజున పేరు నోటితో చెప్పి ఊరుకోకుండా కాగితం మీద రాసి ఇద్దాం. రాయడం రాని తల్లిదండ్రుల వెంట ఊళ్లో చదువుకున్న పిల్ల ఎవరైనా వెళ్లాలి. రిజిస్టరులో ఏం రాశారో అక్కడే పైకి చదివించుకోవాలి. టీచర్లను మనం కోరేది ఒక్కటే: పేరు రాసేముందు "మీ ఇంట్లో నిన్ను ఏమని పిలుస్తారు?" అని పిల్లవాణ్ణి అడగండి.